దామ్మె కవి తెచ్చిన చదువు

ఇక్కడ ఫ్లాండర్స్‌లో, బ్రూజ్‌కి కూతవేటు దూరంలో దామ్మె అనే చిన్న ఊరుంది. ఆ ఊరి నడిబొడ్డున ఉన్న విగ్రహం 13వ శతాబ్దపు కవి యాకోబ్ వాన్ మార్లాంట్‌ది. 1860లో నిలబెట్టారు. బెల్జియం పుట్టి అప్పటికి 30 ఏళ్లు; ప్రభుత్వంలో, కోర్టుల్లో, పైచదువుల్లో ఫ్రెంచిదే పెత్తనం. తమ డచ్చి భాషకూ ఓ పెద్దదిక్కు ఉందని ఫ్లెమిష్ వాళ్లు చూపించుకోవాల్సిన రోజులవి. ఆ పెద్దదిక్కు రాసిన పెద్ద గ్రంథాలు దాదాపు అన్నీ అనువాదాలే. నన్నయతో సాహిత్యం లెక్క మొదలుపెట్టే మనకు ఇది వింతగా తోచదు. మార్లాంట్ రాస్తున్న కాలంలోనే నెల్లూరి తిక్కన కూడా ఉన్నాడు. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది, నా వాదమంతా దాని మీదే. మార్లాంట్ గొప్పతనం జనం భాషలోకి కథల్ని తేవడంలో లేదు, చదువుని తేవడంలో ఉంది.

మొదట్లో ఆయనా అలెగ్జాండర్, మెర్లిన్, ట్రాయ్ కథలే రాశాడు. తరవాత ఫ్రెంచి కథకులవన్నీ అబద్ధాలని విసుక్కుని లాటిన్ పండితుల పుస్తకాలు పట్టాడు. జీలాండ్ ప్రభువు నికోలాస్ వాన్ కాట్స్ కోసం జంతువులు, పక్షులు, చేపలు, చెట్లు, రాళ్ల గురించి ఒక ప్రకృతి గ్రంథం రాశాడు. అందులో ప్రతి ప్రాణికీ లాటిన్ పేరే శీర్షిక, దాని కింద వివరమంతా డచ్చి ద్విపదల్లో. పండితుడి పేరు పైన, పామరుడి మాట కింద! ఆ తరవాత, 1271లో, పేత్రుస్ కొమెస్టర్ రాసిన బైబిలు చరిత్రను పద్యాల్లోకి దించాడు. లాటిన్‌లో అది విద్యార్థుల చేతుల్లో తిరిగే పుస్తకం. అదే డచ్చిలోకి వచ్చేసరికి మతగురువులకు కోపమొచ్చింది. బైబిలు రహస్యాలు మామూలు జనానికి చెప్పినందుకు మాట పడ్డానని మార్లాంటే తరవాతి గ్రంథంలో రాసుకున్నాడు. ఉత్త కథకుడిని ఎవరూ ఇలా నిలదీయరు.

ఆయనకంటే ముందే కవులున్నారు కదా అనవచ్చు. నిజమే. వెల్దెకె ఆయనకు దాదాపు నూరేళ్లు ముందటివాడు. నక్క రేనార్ట్ కథ అల్లిన విల్లెమ్ కవిత్వంలో మార్లాంట్ కన్నా మిన్న అని నేనూ ఒప్పుకుంటాను. అయినా తరవాతి తరంలో ఆంట్వెర్ప్ కవి బూండాలె డచ్చి కవులందరికీ తండ్రి అన్నది మార్లాంట్‌నే. అరువు సరుకుతో సాహిత్యం నిలబడుతుందా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. దానికి జవాబు ఆయన చివరి పెద్ద గ్రంథంలో ఉంది. హాలండ్ కౌంటు ఐదో ఫ్లోరిస్ కోసం మొదలుపెట్టిన ఆ ప్రపంచ చరిత్రకు మూలం బోవే విన్సెంట్ రాసిన లాటిన్ గ్రంథం. మార్లాంట్ దాన్ని ముగించలేకపోయాడు. లొదెవైక్ వాన్ వెల్టెమ్ అందుకుని నాలుగో భాగం పూర్తిచేశాడు, సొంతంగా ఐదోది చేర్చాడు. 1302లో కోర్ట్రైక్ దగ్గర ఫ్లెమిష్ నేతగాళ్లు, చేతివృత్తులవాళ్లు కాలినడకన నిలబడి ఫ్రెంచి రాజు గుర్రపు దళాన్ని ఓడించిన యుద్ధం ఆ ఐదో భాగంలో ఉంది. విన్సెంట్ చనిపోయి అప్పటికి దాదాపు నలభై ఏళ్లు. అనువదించడానికి ఆయన లాటిన్‌లో ఆ యుద్ధం లేదు.