క్యాషా, ఆన్‌లైనా?

హైదరాబాద్‌లో క్యాబ్ బుక్ చేసిన మరుక్షణం ఫోన్ మోగుతుంది. "డ్రాప్ ఎక్కడ సార్? క్యాషా, ఆన్‌లైనా?" ఆన్‌లైన్ అనగానే కొన్నిసార్లు రైడ్ క్యాన్సిల్ అయిపోతుంది. మనకు ఒళ్లు మండుతుంది. కానీ డ్రైవరు ఆ ప్రశ్న ఊరికే అడగడు. అది ఎలా పుట్టిందో తెలిస్తే ఈ వ్యాపారం లోగుట్టంతా తెలుస్తుంది. అందులో ఒక పెద్ద మలుపు జరిగింది హైదరాబాద్‌లోనే.

2008 డిసెంబరులో పారిస్‌లో ఒక టెక్నాలజీ సదస్సుకు వెళ్లిన గారెట్ క్యాంప్, ట్రావిస్ కలానిక్‌లకు టాక్సీ దొరకలేదని, ఉబర్ ఆలోచన అక్కడే మొలకెత్తిందని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. దానికి కావలసిన సరంజామా అప్పటికే సిద్ధంగా ఉంది. పౌరులు వాడే జీపీఎస్‌లో కావాలని పెడుతూ వచ్చిన తేడాను అమెరికా ప్రభుత్వం 2000 మేలో తీసేసింది. వంద మీటర్ల వరకు ఉండే పొరపాటు పది, ఇరవై మీటర్లకు తగ్గింది. 2007లో ఐఫోన్, మరుసటి ఏడాది యాప్ స్టోర్ వచ్చాయి. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నల్ల కార్లతో 'ఉబర్‌క్యాబ్' మొదలైంది. అధికారులు నోటీసులిస్తే పేరులోంచి 'క్యాబ్' తీసేసి బండి నడిపించింది. 2012లో సైడ్‌కార్, లిఫ్ట్ కంపెనీలు సొంత కారున్న మామూలు మనుషులకూ ఈ పని తెరిచాయి. ఉబరూ అదే దారి పట్టింది.

ఆ ఏడాది మొదట్లోనే బోస్టన్‌లో ఇంకో సంగతి బయటపడింది. శుక్ర, శని వారాల్లో అర్ధరాత్రి దాటాక జనం బార్లలోంచి బయటికొచ్చే వేళకు డ్రైవర్లు ఇళ్లకు వెళ్లిపోయేవారు. ఆ గంటల్లో రేటు పెంచి చూస్తే డ్రైవర్లు ఇళ్లకు వెళ్లకుండా రోడ్డు మీదే ఉన్నారు. సర్జ్ ధర అలా వచ్చింది. రేటుతో డ్రైవర్లను రప్పించవచ్చని కంపెనీకి అర్థమైంది. రేటు తగ్గితే అప్పు మీద కారు కొన్నవాడు ఏం చేయాలన్నది మాత్రం ఆ లెక్కలో లేదు.

మన దేశంలో 2010 చివర్లో ఓలా, 2013లో బెంగళూరుతో ఉబర్ మొదలయ్యాయి. ఉబర్ ఆకర్షణంతా జేబులో చెయ్యి పెట్టనక్కర్లేకపోవడంలో ఉంది. దిగి వెళ్లిపోతే కార్డులోంచి డబ్బు దానంతటదే కట్ అవుతుంది. ఇక్కడ కార్డు వాడితే ఓటీపీలాంటి రెండో ధ్రువీకరణ ఉండాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. చెల్లింపులను విదేశం మీదుగా నడిపి కంపెనీ దాన్ని తప్పించుకుంది. 2014 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆ దారి మూసేసింది. నవంబరులో పేటీఎం వాలెట్ తెచ్చారు, అది అందరి దగ్గరా లేదు. చివరికి 2015 మేలో ప్రపంచంలోనే మొదటిసారి ఉబర్ హైదరాబాద్‌లో నగదు తీసుకుని చూసింది. తర్వాత ఆ పద్ధతి ఇతర దేశాలకూ పాకింది.

యాప్ క్యాబ్‌ల వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. అర్ధరాత్రి ఎంజీబీఎస్‌లో బస్సు దిగిన పెద్దవాళ్లకు, కార్డు లేకపోయినా, మూటలు కింద పెట్టి బేరమాడే పని తప్పింది. ఆడపిల్లలు బండి నంబరు ఇంట్లోవాళ్లకు పంపి బయల్దేరగలిగారు. దారులు తెలియకపోయినా డ్రైవింగ్ వచ్చిన పల్లెటూరి కుర్రాడికి నగరంలో పని దొరికింది.

ఇప్పుడు ఆ కుర్రాడి లెక్క చూద్దాం. కిరాయి 300 రూపాయలు, కంపెనీ వాటా పాతిక శాతం అనుకుందాం. ఆన్‌లైన్ అయితే 225 రూపాయలు తర్వాత ఖాతాలో పడతాయి, ఈలోగా డీజిల్ తన డబ్బుతోనే పోయించుకోవాలి. క్యాష్ అయితే 300 వెంటనే చేతికొస్తాయి, వచ్చే దారిలోనే బంకులో ఆగవచ్చు. కాకపోతే 75 రూపాయలు కంపెనీకి బాకీ పడతాడు. ఆ బాకీని తర్వాతి ట్రిప్పుల్లోంచి కోసుకుంటారు, మరీ పెరిగితే కట్టేదాకా డ్యూటీలు ఆగిపోతాయి. మనల్ని అడిగే ప్రశ్న వెనక ఉన్నది ఇదే: ఇవాళ్టి డీజిల్‌కు డబ్బుందా, లేదా?

మొదట్లో కంపెనీ వాటా ఎవరికీ బరువు కాలేదు. పెట్టుబడిదారుల డబ్బుతో ఇన్సెంటివ్‌లు ధారాళంగా వచ్చాయి. వాటిని చూసి ఎందరో ఫైనాన్స్‌లో కార్లు తీసుకున్నారు. కార్లు పెరిగాక ఇన్సెంటివ్‌లు తగ్గాయి, ఈఎంఐ మాత్రం అంతే ఉంది. 2017 కొత్త సంవత్సరానికల్లా హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు సమ్మెలో ఉన్నారు. 2024 ఏప్రిల్ ఎండల్లో, ఇచ్చే రేటుకు గిట్టుబాటు కావడం లేదంటూ ఏసీ వేయడం మానేశారు. లోపల కూర్చున్న మనకెంత ఉక్కపోతో, రోజంతా అదే సీట్లో ఉండే డ్రైవరుకు అంతకు మించి. ఒళ్లు కాల్చుకుని చేసిన నిరసన అది.

ఇప్పుడు డబ్బు దారి మళ్లీ మారుతోంది. 2022లో బెంగళూరులో వచ్చిన నమ్మ యాత్రి ఆటో యాప్ కమీషన్ వద్దంది, తర్వాత డ్రైవర్లకు రోజువారీ చందా పెట్టింది. తెలుగువాళ్లు కూడా వ్యవస్థాపకులుగా ఉన్న రాపిడో ఆ బాట పట్టింది. 2025 ఫిబ్రవరిలో ఉబర్ కూడా ఆటోలకు కమీషన్ ఎత్తేసింది. కిరాయి నేరుగా డ్రైవరు చేతికో, అతని యూపీఐకో వెళ్తుంది. ఇది డ్రైవర్లకు నిజంగా మంచిదే. నాకున్న భయం వేరు. కిరాయి తన చేతి మీదుగా పోవడం లేదు కాబట్టి తాను సాఫ్ట్‌వేర్ అమ్ముకునేదాన్ని మాత్రమేనని కంపెనీ పక్కకు తప్పుకోవచ్చు. లండన్‌లో ఉబర్ ఇలాంటి వాదనే చేస్తే 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రేటు, షరతులు కంపెనీవే కాబట్టి డ్రైవర్లు దాని కార్మికులేనని, కనీస వేతనం, జీతంతో సెలవు వాళ్ల హక్కని తేల్చింది.

మన దగ్గర 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారం ఇలాంటి కంపెనీలు టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం ఈ పనివాళ్ల సామాజిక భద్రతా నిధికి కట్టాలి. చందా మీద నడిచే కంపెనీకి టర్నోవరు అంటే చందాల మొత్తమే అని సరిపెడితే ఆ నిధికి చేరేది నామమాత్రం. కిరాయిల మొత్తం మీదే లెక్క కట్టాలి. యాప్‌లో డ్రైవరు ఐడీ బ్లాక్ చేసే ముందు కారణం రాసివ్వాలని, నోటీసివ్వాలని 2025లో వచ్చిన తెలంగాణ ముసాయిదా బిల్లులో ఉంది. ఆ మాట చందా కట్టే ఆటో డ్రైవరుకూ వర్తించేలా రాయాలి.