ముక్కులేని బండి

మా పెరట్లోకి వెళ్ళిన గిన్నె మళ్ళీ వంటింటి మొహం చూడదు. మొదట పిండి కలిపే బేసిన్ పోయింది. తర్వాత పాత ఇడ్లీ రేకులు పోయాయి. వెతుక్కుంటూ వెళ్దును గదా, అన్నీ రేకుల షెడ్డు కింద కొలువుతీరి ఉన్నాయి. ఇడ్లీ గుంటకో సైజు నట్టు, బేసిన్ నిండా డీజిల్లో నానుతున్న బోల్టులు. పక్కనే చక్రాలు ఊడదీసి దిమ్మెల మీద నిలబెట్టిన మా పాత బండి, దాని కింద నించి బయటికొచ్చిన రెండు కాళ్ళు. ఆ కాళ్ళు మా మరిదివి.

"వదినా, ఇంకొక్క గిన్నె" అన్నాయి ఆ కాళ్ళు.

నేను చదివింది బి.ఎ. చరిత్ర. రాజులూ, యుద్ధాలూ, తారీకులూ బట్టీపట్టి పాసయ్యాను. రెండేళ్ళపాటు ఈ షెడ్డు గుమ్మంలో కూర్చుని చూశాక తెలిసింది, తుప్పు కింద కూడా చరిత్ర ఉంటుందని.

మా బండి మహీంద్రా వారి ఎఫ్.సి. 150. ముందు బానెట్ ఉండదు. ఇంజను లోపలే, రెండు సీట్ల మధ్య డబ్బాలో ఉంటుంది. వెనక సామాను వేసే తొట్టి. అందుకే ఊళ్ళో పిల్లలు దాన్ని ముక్కులేని బండి అనేవారట.

ఇలా ముందు మనుషులూ వెనక సరుకూ మోసే చిన్న బండ్లకి పికప్ అన్న పేరు అమెరికాలో స్థిరపడింది. 1925లో ఫోర్డు కంపెనీ తన మోడల్ టి కారుకి వెనక తొట్టి బిగించి 281 డాలర్లకి అమ్మింది. మన దేశంలో మహీంద్రా వాళ్ళు 1947లో జీపుల విడిభాగాలు తెప్పించుకుని బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. అక్కడ అమెరికాలో, 1956 చివర, విల్లీస్ కంపెనీ జీపు చట్రం మీదే డ్రైవరుని ముందుకు జరిపి కూర్చోబెట్టింది. ముక్కు పోతే పోయింది, తొట్టి పెద్దదైంది. ఆ రూపం గీసినాయన బ్రూక్స్ స్టీవెన్స్. అమెరికా వాళ్ళకి అది అంతగా నచ్చలేదు. 1965లో అక్కడ ఆపేశారు. అదే ఏడు ఇక్కడ మహీంద్రా వాళ్ళు మొదలుపెట్టారు. అక్కడ అప్పగింతలు, ఇక్కడ గృహప్రవేశం!

మా నెల్లూరు తీరానికి కూడా అది మలుపు తిరిగిన కాలమే. అంతకు ముందు ఉప్పూ, కట్టెలూ, ధాన్యమూ బకింగ్‌హాం కాలవ మీద పడవల్లో మద్రాసుకి పోయేవి. 1876-78 కరువులో కూలి కోసం వచ్చిన జనం ఆ కాలవలో కొంతభాగం తవ్వారు. 1965, 66 తుఫానులు దాన్ని దెబ్బతీశాయి, 1976 తుఫాను మరింత పాడుచేసింది. పడవ మోసిన బరువు క్రమంగా రోడ్డెక్కింది. మైపాడు వైపు ఇసకదారుల్లో పెద్ద లారీ దిగబడుతుంది, ఎద్దుబండికి పొద్దు చాలదు. నాలుగు చక్రాలూ లాగే ఈ బండి అక్కడికి సరిగ్గా సరిపోయింది. 1978లో మా మామయ్య సెకండుహాండులో కొన్నారు. మొలగొలుకుల బస్తాలూ, చేపల గంపలూ, పెళ్ళి సామాన్లూ, పురిటికి వెళ్ళే ఆడవాళ్ళూ, అందరూ ఆ తొట్టిలోనే.

సముద్రగాలికి ఇనుమంటే మహా ఆకలి. ఇరవై ఏళ్ళు షెడ్డులో మూలపడ్డ బండి అడుగు రేకు చేత్తో నొక్కితే అప్పడంలా విరిగింది. దాన్ని కోసి, కొత్త రేకు వెల్డింగు చేయించాడు మరిది. విడిభాగాల కోసం విజయవాడ ఆటోనగర్ చుట్టూ తిరిగాడు. దొరకనివి లేతు మిషను మీద చేయించాడు. ఇంజను విప్పిన రోజు నాకు పాఠం చెప్పాడు. గాలీ పెట్రోలూ లోపలికి పోయే వాల్వులు పైన మూతలో, పొగ బయటికి పోయే వాల్వులు కింద దిమ్మలో ఉంటాయట. "దీని పేరు హరికేన్ ఇంజను వదినా" అన్నాడు. హరికేన్ అంటే తుఫానే కదా!

ఆ మాట చెవిన పడి, గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తయ్య తలెత్తింది.

"ఎనభై నాలుగు తుఫాను గుర్తొచ్చింది అమ్మాయ్" అంది.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను అది. అప్పటికి ఆవిడకి ఎనిమిదో నెల. రాత్రి మామయ్య మూడు దఫాలుగా జనాన్ని తొట్టిలో ఎక్కించి మెరక మీద ఉన్న బడికి చేర్చారట. మూడో దఫాలో ఈవిడ, తలమీద గోనెపట్టా కప్పుకుని. నెల తిరక్కుండా పుట్టినవాడే ఈ మరిది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తయ్యా?"

"ఏందని చెప్పేది? నువ్వెప్పుడన్నా అడిగినావా?"

అడగలేదు. బండి కొనడానికి తన నాలుగు జతల గాజులు అమ్మిన సంగతీ ఆ రోజే చెప్పింది. ఆర్.సి. పుస్తకంలో మామయ్య పేరే ఉంది. గాజుల ఊసు ఏ కాగితంలోనూ లేదు.

హైదరాబాదు చౌమహల్లా పాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ ఒకటుంది. ఆరో నిజాం కోసం తెప్పించింది, పసుపు రంగు, లోపల సింహాసనంలాంటి సీటు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. మన బండికీ అలాంటి మర్యాద దొరుకుతుందేమోనని మరిది ఆశపడ్డాడు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు బండ్లకి వేరే రిజిస్ట్రేషను పెట్టింది. యాభై ఏళ్ళు దాటాలి, రూపం మారకూడదు. రుసుము 20,000 రూపాయలు. నంబరులో వి.ఎ. అన్న అక్షరాలిస్తారు. అంతా బాగానే ఉంది, కానీ అది సొంత వాడకపు బండ్లకే. సరుకు మోసిన బండికి వర్తించదు. షికారు తిరిగినది వారసత్వం, బరువు మోసినది పాత ఇనుము!

నాకెందుకో ఆ నియమం కొత్తగా అనిపించలేదు. ఇళ్ళల్లో కూడా అంతే కదూ? పట్టుచీర బీరువాలో భద్రంగా ఉంటుంది. రోజూ ఒంటిమీద నలిగిన నేతచీర మసిగుడ్డ అవుతుంది. తాతగారి చేతికర్ర గోడకి వేలాడుతుంది, నాయనమ్మ విసిరిన తిరగలి ఎక్కడుందో ఎవరికీ తెలీదు. అరిగిపోయేదాకా వాడుకున్నదాన్ని దాచుకోవాలని మనకి తోచదు.

మరిది రెండ్రోజులు మూతి ముడుచుకున్నాడు. మూడో రోజు మళ్ళీ గిన్నె అడిగాడు.

మొన్న బండి స్టార్టయింది. నాలుగుసార్లు దగ్గి, బోలెడు పొగ కక్కి, నిలబడింది. రోడ్డెక్కాలంటే ఇంకా ఫిట్‌నెస్ పరీక్షా, కాగితాలూ చాలా ఉన్నాయి. ప్రస్తుతానికి షెడ్డు నించి వేపచెట్టు దాకా ప్రయాణం. అత్తయ్యని ముందు సీట్లో కూర్చోమంటే వినలేదు, వెనక తొట్టిలోనే కుర్చీ వేయించుకుంది.

పేరు రాయడానికి పెయింటరు వచ్చాడు. "అందరూ అమ్మ దీవెన అని రాయిస్తారండీ. అదే రాసేదా?" అన్నాడు.

"దీవెన ఏంది నాయనా, నాలుగు జతల గాజులని రాయి" అంది అత్తయ్య, వేళాకోళంగా.

అందరం నవ్వాం. నవ్వులు ఆగాక, ఏం రాయమంటారన్నట్టు పెయింటరు నా మొహంకేసి చూశాడు.

అదే రాయమన్నాను.