ఎవరి పొలంలో ఎవరికి పాఠం?

సంక్రాంతి అనుబంధానికి ఏదైనా రాయమంటే చిత్తూరు సీమ వాడు విషయం కోసం వెతుక్కోనక్కర్లేదు. పొట్టి ఆవు ఉండనే ఉంది. 2024 సంక్రాంతి నాడు ప్రధాని మోదీ ఢిల్లీలోని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక ఆ పేరు తెలియని వాళ్లు లేరు. ఆవు సరే, ఆవు బతికిన పొలం మాటేమిటి? మదనపల్లె, పుంగనూరు, కుప్పం మధ్య ఎక్కడో ఒకచోట పాత సేద్యాన్ని పశువులతో, పనిముట్లతో, మనుషులతో సహా జనానికి చూపించే పొలం ఒకటి ఉండాలని నా కోరిక.

బయటి దేశాల్లో ఇది కొత్తేమీ కాదు. స్టాక్‌హోంలో ఆర్టర్ హాజెలియస్ 1891లోనే స్కాన్‌సెన్ తెరిచాడు. పల్లెల్లోని పాత ఇళ్లను విప్పి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టాడు. అమెరికాలోని అయోవాలో విలియం ముర్రే అనే ఆచార్యుడు 1970లో మొదలుపెట్టిన లివింగ్ హిస్టరీ ఫార్మ్స్‌లో 1700 నాటి ఆదివాసీ చేను, 1850 నాటి వలస రైతు పొలం, 1900 నాటి గుర్రపు సేద్యం ఒకే చోట చూడొచ్చు. పాఠాల కోసం పొలాలు పెట్టడం మనవాళ్లకూ చేతనవును. కాకపోతే అవన్నీ రైతుకు పాఠం చెప్పడానికి పెట్టినవే. రైతు చేత పాఠం చెప్పించడానికి పెట్టింది ఈ సీమలో నాకు కనబడదు.

ఈ సీమ సేద్యం కథలో మొదటి వెయ్యేళ్లను ఒక్క పేరాలో దాటేద్దాం. శాసనాలు దానమిచ్చిన మాన్యాన్నీ, తవ్వించిన చెరువునూ చెబుతాయి. ఆ మాన్యం దున్నినవాడు ఏ విత్తు వేశాడో, ఏ ఎద్దును కట్టాడో చెప్పవు. చోళులు, విజయనగర రాజులు, పాళెగాళ్లు వచ్చి వెళ్లారు. హైదర్, టిప్పుల సైన్యాలు ఈ కొండదారుల్లో నడిచాయి. ఆపైన పుంగనూరు, కంగుంది జమీందార్ల కాలం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లెది కడప జిల్లా, పుంగనూరుది ఉత్తర ఆర్కాటు. కచేరీ ఎక్కడికి మారినా రైతు చూపు మబ్బు మీదా, చెరువు మీదే.

రైతును బడికి పంపాలన్న ఆలోచన తెల్లదొరలది. 1865లో మద్రాసు పక్కన సైదాపేటలో ప్రభుత్వం ప్రయోగ క్షేత్రం పెట్టి, ఆవిరి నాగలితో సహా విలాయతీ పనిముట్లు దించింది. 1876లో అక్కడే వ్యవసాయ పాఠశాల కూడా తెరిచారు. రైతులు వాటిని పెద్దగా అందిపుచ్చుకోలేదు. తర్వాత మన సేద్యాన్ని పరిశీలించమని ఇంగ్లండు నుంచి వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్తను రప్పించారు. ఆయన దేశమంతా తిరిగి 1893లో నివేదిక అచ్చువేయించాడు. ఇక్కడి రైతు సేద్యం తెలియనివాడు కాడనీ, సగటు ఇంగ్లిషు రైతుకు తీసిపోడనీ, కొన్ని విషయాల్లో మెరుగనీ తేల్చాడు. ఆ మాట అచ్చులో ఉండిపోయింది. పాఠాలు మాత్రం ఆగలేదు.

ఇక నాకు ఇష్టమైన చోటికి వస్తాను. పుంగనూరు ఆవు నిలబడితే ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. విశాలమైన నుదురు, పొట్టి కొమ్ములు, నేలను తాకే తోక. పూటకు గంపెడు పచ్చిగడ్డి అడగదు, ఎండు మేతతో, బీడు మీద గరికతో సరిపెట్టుకుంటుంది. పాలు రోజుకు రెండు మూడు లీటర్లే అయినా వెన్నశాతం ఎక్కువ. వాన చినుకు కోసం ఎదురుచూసే ఎర్రనేలలో, ఎకరా రెండెకరాల రైతు దొడ్డికి ఇంతకంటే సరిపడే పశువు లేదు. మేత తక్కువున్న సీమ తన కొలతకు తగ్గట్టు తయారుచేసుకున్న ఆవు ఇది.

ఈ ఆవుకు కష్టం తెచ్చింది కరువు కాదు, లీటరు కొలత. పాల కేంద్రాలు ఊరూరా వచ్చాక పది లీటర్లిచ్చే జెర్సీ సంకరం ముందు రెండు లీటర్ల ఆవు ఏం నిలుస్తుంది? పిల్లల ఫీజు కట్టాల్సిన రైతును తప్పుపట్టలేం. సర్కారు డాక్టరే సంకరజాతి సూది పట్టుకుని గడప దగ్గరికి వచ్చాడు మరి. చూస్తుండగానే జాతి అంతరించే దశకు చేరింది. ఆ తర్వాత అదే సర్కారు పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడే పనిలో పడింది. అద్దె గర్భాలతో దూడలను పుట్టించేదాకా వెళ్లింది. ఇప్పుడు మేలు రకం ఆవు ధర లక్షల్లో. పట్నాల బంగళాల్లో, పెరట్లో కాదు, హాల్లోనే తిరుగుతోంది. పుంగనూరు పక్క పల్లె రైతు దాన్ని కొనాలంటే బ్యాంకుకు వెళ్లాల్సిందే.

కుప్పం దగ్గరికి వచ్చేసరికి రైతు పాఠాల కథ నేరుగా నడవదు. 1990ల చివర చంద్రబాబు నాయుడు సొంత నియోజకవర్గంలో ఇజ్రాయెల్ సేద్యం దిగింది. చిన్నచిన్న కమతాలను కలిపారు, గట్లు తీసేశారు, డ్రిప్ పైపులు పరిచారు, నీళ్లతోపాటే ఎరువులు పంపారు. చూడటానికి జనం వచ్చారు, పత్రికలు మెచ్చుకున్నాయి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ లాంటి సంస్థలు మాత్రం ఖర్చు లెక్కలు అడిగాయి. గట్టు పోయాక ఏది ఎవరి చేనో ఎలా తెలుస్తుందని నిలదీశాయి. కొన్నేళ్లకు ఆ క్షేత్రం హడావుడి సద్దుమణిగింది. అలాగని పాఠం వృథా అయిందనీ అనలేం. 2003లో రాష్ట్రం సూక్ష్మ సేద్యం పథకం పెట్టాక డ్రిప్ మన తోటల్లోకి వచ్చేసింది. గట్టు తీయకుండానే పైపు తెచ్చుకోవచ్చని రైతే తేల్చాడు. మదనపల్లె టమాటా దాని మీదే పండుతోంది. 2023 జూలైలో కిలో 150 దాటిన అదే టమాటా ఇంకోసారి రోడ్డు మీద పారబోతలో కనిపిస్తుంది.

ఈ ప్రాంతంలో చేత్తో పట్టుకుని నేర్చుకునే చదువుకు లోటు లేదు. రిషీవ్యాలీలో టీచర్లూ పిల్లలూ కలిసి ఎండిన లోయను పచ్చబరిచారు. కుప్పం దగ్గర అగస్త్య సంస్థ ప్రాంగణంలో బడిపిల్లలు సైన్స్‌ను ప్రయోగాలతో నేర్చుకుంటున్నారు. అన్నిటికంటే పాత బడి మన పసుల పండగ. కనుమ నాడు అడవి నుంచి మద్ది చెక్క, నేరేడు చెక్క, మారేడు కాయ, నల్లేరు తెచ్చి, ఉప్పేసి దంచి, ఉప్పుచెక్క అని పశువుల నోట్లో కూరుతారు. చేదుకు అవి తల విదిలిస్తుంటే పట్టుకునేది పిల్లలే. పొద్దుగూకితే పశువుల దేవుడు కాటమరాజుకు పొంగలి పెట్టి, చిట్లాకుప్ప అనే కంపా కర్రా పోగును అంటిస్తారు. ఏ చెక్క ఏ రోగానికి పనికొస్తుందో ఆ రోలు దగ్గరే తెలిసేది. ఇప్పుడు చిట్లాకుప్ప మండుతూనే ఉంది, ఉప్పుచెక్క మింగే పశువులే తగ్గాయి.

అందుకే నా ఊహలోని పొలంలో మూడు మడులుంటాయి. మొదటిది మడక, గొర్రు, గుంటకలతో రాగులు, అనపలు వేసేది. ఎద్దులతో కపిల తోలి బావి నీళ్లు పారించాలి. రెండోది బోరు, కరెంటు మోటారు, చెనక్కాయలది. మూడోది డ్రిప్పూ టమాటాలది. జెర్సీ ఆవు పుంగనూరు ఆవు పక్కనే కట్టేసి ఉండాలి. రెండింటి మేత ఖర్చూ పాల లెక్కా బోర్డు మీద రాయాలి. కుప్పం గట్ల గొడవను దాచకూడదు. ఓడిపోయిన ప్రయోగాలు లేని పొలం సెల్ఫీలకు తప్ప చరిత్రకు పనికిరాదు.

చివరగా జీతాల సంగతి. కపిల తోలిన చేతులున్న వాళ్లు ఇంకా కొందరు మిగిలారు, వాళ్ల వయసు డెబ్బై దాటింది. ఈ పొలం పెట్టేవాళ్లు వాళ్లను పండగపూట తలపాగా చుట్టి నిలబెట్టే బొమ్మలుగా కాక, నెలజీతమిచ్చి మాస్టర్లుగా పెట్టుకోవాలి. గేటు దగ్గర టికెట్ డబ్బులో మొదటి వాటా వాళ్లదే కావాలి. అగ్రికల్చర్ బీఎస్సీ పిల్లలు వాళ్ల ముందు కూర్చుని నోట్సు రాసుకోవాలి. సైదాపేట నుంచి కుప్పం దాకా నూటపాతికేళ్లకు పైగా బెంచీ మీద కూర్చున్నది రైతే. ఇక లేచి బోర్డు దగ్గరికి రానివ్వండి.