ఉబ్బెత్తు దారుశిల్పంలో పక్షి

చెక్క పలకలో పక్షి ఆకారం చుట్టూ ఉన్న కలపను తొలగించి, పక్షి మాత్రం పైకి తేలేటట్టు మలచడం ఉబ్బెత్తు దారుశిల్పంలో కష్టమైన పని. పక్షి ఒళ్లు గుండ్రంగా, రెక్క పలచగా, ముక్కు సన్నగా ఉంటాయి. ఈ మూడింటినీ కొద్దిపాటి మందంలోనే చూపాలి.

ఈ విద్యలో గ్రిన్లింగ్ గిబ్బన్స్ (1648–1721)ను మించినవారు ఐరోపాలో అరుదు. రోటర్‌డామ్‌లో ఆంగ్ల దంపతులకు పుట్టిన అతడు యువకుడిగా ఇంగ్లండు చేరాడు. 1671లో లండన్ దగ్గరి డెట్‌ఫర్డ్‌లో పని చేసుకుంటూ రచయిత జాన్ ఎవెలిన్ కంటపడ్డాడు. ఎవెలిన్ ద్వారా రాజు రెండవ చార్లెస్‌కు పరిచయమయ్యాడు. 1682లో రాజు టస్కనీ పాలకుడు మూడవ కోసిమోకు కానుకగా చేయించిన పలకలో, ముక్కూ ముక్కూ కలిపిన పావురాల జంట ఉంది. ఇరు రాజ్యాల స్నేహానికి అది గుర్తు. ఆ పలక ఫ్లోరెన్స్‌లోని పిట్టి ప్రాసాదంలో ఉంది.

గిబ్బన్స్ ఎక్కువగా వాడింది లిండెన్ కలప. లేత రంగు, మెత్తదనం, సన్నని నార దాని గుణాలు. ఉలి ఎటు నడిపినా అది తేలిగ్గా చీలిపోదు. అయినా రెక్క కొన నార వాలుకు అడ్డంగా పడితే విరుగుతుంది. అందుకే గీత గీసేటప్పుడే నార దిశ చూసుకోవాలి. ముందు పక్షి హద్దు కోసి, చుట్టూ ఉన్న పలక తలాన్ని కిందికి దింపుతారు, తర్వాత ఒంటిని గుండ్రం చేస్తారు. ఈకల గీతలు చివర్లోనే. తొందరపడి ఈకలు ముందే గీస్తే ఒంటి గుండ్రదనం చెడుతుంది.

పక్షికి ప్రాణం పోసేది ఈకలు కాదు, రెక్క కింది ఖాళీ. అంచుల అడుగున కలపను తొలిచేస్తే అక్కడ నీడ చేరుతుంది, రెక్క పలక నుంచి విడివడినట్టు కనిపిస్తుంది. గిబ్బన్స్ ఈ తొలుపును చాలా దూరం తీసుకెళ్లాడు. విడివిడిగా చెక్కిన పొరలను ఒకదానిపై ఒకటి అమర్చి లోతు పెంచాడు. రంగు పూయకుండా, ముదురు ఓక్ గోడల మీద లేత చెక్క మెరిసేలా వదిలేశాడు. తర్వాతి తరాలవారు పూసిన పూతలతో చాలాచోట్ల ఆ తేడా మాసిపోయింది.

1986లో హాంప్టన్ కోర్ట్ ప్రాసాదం అగ్నిప్రమాదంలో గిబ్బన్స్ చెక్కిన ఒక భాగం కాలిపోయింది. దాన్ని మళ్లీ చెక్కిన అమెరికన్ శిల్పి డేవిడ్ ఎస్టర్లీ, పాత పనుల ఉపరితలాన్ని పరిశీలించి, గిబ్బన్స్ నునుపు చేయడానికి ఇసుకను ఒంట్లో దాచుకునే ఒక రెల్లు వంటి మొక్క కాడలను వాడాడని నిర్ధారణకు వచ్చాడు.