స్నేహానికీ ఒక చరిత్ర

మా కుల్చారం పేరు సాహిత్యచరిత్రలో ఒక పండితుడి పేరుతో ముడిపడి ఉంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచల మల్లినాథసూరి ఊరు ఇదేనంటారు. వ్యాఖ్యాతకు వంశం ఉంటుంది, గురుపరంపర ఉంటుంది, ఇంటిపేరులో ఊరుంటుంది. కలిసి చదువుకున్న ఆడపిల్లల స్నేహానికి ఇవేవీ ఉండవు. పెళ్లితో ఇంటిపేరూ ఊరూ మారిపోతాయి. మరి ఆ స్నేహం చరిత్రను ఎక్కడ వెతకాలి?

అమెరికా విద్యార్థినులు దానికి సంఘరూపం ఇచ్చారు. 1874లో సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో నలుగురు అమ్మాయిలు గామా ఫై బీటాను స్థాపించారు. సోదరి అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన ‘సొరారిటీ’ అన్న పేరును మొదట వాడుకున్నది ఈ సంఘమే. అయితే ఇలాంటి సంఘాల అక్కాచెల్లెళ్ల వరసలో నల్లజాతి అమ్మాయిలకు చోటు దొరకలేదు. వాళ్లు 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కప్పా ఆల్ఫాను పెట్టుకున్నారు.

మన దగ్గర 1974లో ఉస్మానియా విద్యార్థినులు ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్‌గా ఏర్పడ్డారు. ఈవ్‌టీజింగ్, వరకట్నం, అశ్లీల పోస్టర్ల మీద వీధికెక్కారు. మరుసటి ఏడాది ఎమర్జెన్సీలో అరెస్టులతో సంఘం చెదిరిపోయింది కానీ స్నేహాలు చెదరలేదు. 1978లో రమీజాబీపై పోలీసుల అత్యాచారం హైదరాబాదును కుదిపేసింది. ఆ ఏడాదే స్త్రీశక్తి సంఘటన మొదలైంది. పాత సంఘంలో పనిచేసిన కె. లలిత ఇందులోనూ ఉన్నారు. వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, సూసీ తారు, వీణా శత్రుఘ్నల వంటి వాళ్లు తోడయ్యారు.

ఈ స్నేహం చేసిన పెద్ద పని ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986). తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటలను వాళ్ల గొంతుల్లోనే రికార్డు చేశారు. ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కొండపల్లి కోటేశ్వరమ్మ అందులో మాట్లాడతారు. రచయితగా అట్టమీద ఉన్నది సంఘటన పేరు. ఒక్కరి పేరుతో పరంపర కట్టే సాహిత్యచరిత్రకు ఇది గట్టి జవాబు.

ఆ జవాబునూ ప్రశ్నించినవాళ్లున్నారు. ‘మనం’ అనే మాటలో మేమెక్కడ అని దళిత, ముస్లిం స్త్రీలు నిలదీశారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ (2003) దళిత స్త్రీల సాహిత్యానికి తనదైన చరిత్రను కూర్చింది. ఈ నిలదీత స్నేహాన్ని తెంచేస్తుందని భయపడటం దేనికి? సోదరీత్వం నిలిచేది ప్రశ్నను భరించగలిగినప్పుడే. కుల్చారం నుంచి పట్నం కాలేజీకి బస్సెక్కే అమ్మాయి ఈ చరిత్రలోకి అతిథిగా రాకూడదు. తన భాషతో, తన ప్రశ్నతో, హక్కుగా రావాలి.