పందెముల వర్తకుడు

జూదమాడి చెడినవాని కథ మన కెల్లరకును తెలిసినదే. రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ధర్మపత్నిని పణముగ నొడ్డిన ధర్మరాజును గూర్చి బాల్యమునుండి వినుచున్నాము. పాచికల మోజున నలుడు అడవులపాలగుటయు విన్నాము. కాని జూదము నాడించువాని చరిత్రము మన మనస్సున నంతగా నిలువదు. మాయపాచికలు చేతబట్టినవానికి అదృష్టముతో పనిలేదు. ఆట ముగియకమున్నే ఫలిత మతనికి తెలియును. ఓడినవానిని జూచి జాలిపడుటతోనే మన నీతివిచారము ముగియుచున్నది. గెలిచినవా డెట్లు గెలిచెను? ఆ ధన మెచ్చటికి బోయెను? దానితో లోకమున నేమేమి పెరిగెను? ఈ ప్రశ్నలకు సమాధానము కావలెనన్న, అమెరికాదేశమున న్యూయార్కు నగరమునందు 1882 మొదలు 1928 వఱకు జీవించిన ఆర్నాల్డ్ రాత్‌స్టీను చరిత్రమును జదువవలెను.

అతడు దారిద్ర్యముచే చెడినవాడు కాడు. తండ్రి అబ్రహాము రాత్‌స్టీను యూదు సంఘమున గౌరవము గన్న సంపన్న వర్తకుడు. ఆయన మాటపై అందఱకు విశ్వాసము. వ్యాపారులు తమ తగవులను ఆయనయొద్దకు దెచ్చుకొనెడివారు; ధర్మమూర్తియని బిరుదు పెట్టి పిలిచెడివారు. పెద్దకొడుకు తండ్రివలె మతనిష్ఠ గలవాడు. రెండవవాడగు ఆర్నాల్డునకు లెక్కలలో అసాధారణమైన చురుకుదనముండెను గాని బడిలో మనసు నిలువలేదు. చదువు విడిచి బిలియర్డు శాలల చుట్టు తిరుగుచు, పదియారేండ్ల ప్రాయము దాటునప్పటికే పందెములాడువారికి వడ్డీ కప్పులిచ్చుట నేర్చెను. శనివారము విశ్రాంతిదినమున తండ్రి తీసి పెట్టిన గడియారమును రహస్యముగ తాకట్టుంచి, ఆ సొమ్ము నప్పులిచ్చి, సాయంకాలమునకు వసూలు చేసి, తండ్రి చూడకమున్నే మరల యథాస్థానమున నుంచెడివాడని చెప్పుదురు. అది నిజమైనను కాకున్నను అతని జీవితమునకు తగిన ఉపమానమే. సత్పురుషుని సొత్తును తాకట్టు పెట్టి, జూదరుల యక్కరతో లాభము తీసెడి విద్య యది. తన కొడుకు తన న్యాయబుద్ధిని గైకొనక, ఆ న్యాయబుద్ధి సంపాదించిన పరపతిని మాత్రము వాడుకొనుచున్నాడని తండ్రి యెఱుగునప్పటికి ఆలస్యమైపోయినది.

ఇచట బుకీ వృత్తి యెట్టిదో కొంచెము తెలిసికొనుట యవసరము. పలువు రాతనిని జూదరియని తలంతురు. కాని అతడు వర్తకుడు. సమానబలముగల రెండు గుఱ్ఱములు పరుగిడుచున్నవనుకొందము. ఒక్కొక్కదానిపై నొక్కొకడు పందెము వేయును. బుకీ యిద్దఱియొద్దను 11 డాలరుల చొప్పున గైకొని, గెలిచినవానికి 10 డాలరుల లాభ మిత్తునని యొప్పుకొనును. చేతికి వచ్చినది 22 డాలరులు. అసలుతోగూడ గెలిచినవానికి ఇచ్చునది 21. ఏ గుఱ్ఱము గెలిచినను ఒక డాలరు బుకీదే. పందెము వేసినవారు గుఱ్ఱములను జూచుచుందురు. బుకీ తన పద్దు పుస్తకమును జూచుచుండును.

కాని అందఱు నొకే గుఱ్ఱమును గోరిన దినమున చిన్నబుకీకి ప్రాణసంకటము. అది గెలిచెనా, అతని యిల్లు వేలమునకు వచ్చును. అందువలన తాను మోయజాలని పందెములను తనకంటె ధనవంతుడగు మఱియొక బుకీకి అప్పగించును. రాత్‌స్టీను ఇట్టి బుకీలకు బుకీ యయ్యెను. అమెరికా తూర్పుతీరమున నంతటి బరువును మోయగలవా డింకొకడు లేడని పేరు వచ్చెను. దీనిచే నతనికి రెండు బలములు చేకూరెను: ఏ పందెమువైపు లోకము మొగ్గుచున్నదో అందఱికంటె ముందు తెలియును, వందలకొలది చిన్నబుకీ లతని మాటకు కట్టుబడియుందురు.

అయితే యీ వర్తకమునకు పుట్టుకతో వచ్చిన లోప మొకటి కలదు. చట్టవిరుద్ధమగు పందెపు బాకీని ఏ న్యాయస్థానమును వసూలు చేసి పెట్టదు. పత్రము లేదు, సాక్షి లేడు, డిక్రీ లేదు. కాబట్టి బాకీ రాబట్టుటకు దండధరులు కావలెను. చూచియు చూడనట్లుండుటకు పోలీసువారికి భాగము కావలెను. కేసు వచ్చినచో కొట్టివేయించుటకు రాజకీయాశ్రయము కావలెను. ఒక డాలరు లాభమునకై మొదలైన వ్యాపారము ఈ మూడింటిని పోషింపక నిలువదు. రాత్‌స్టీను జీవితమంతయు ఈ యొక్క లోపమును పూరించుకొనుటయే. టామనీ యను పేరు గల న్యూయార్కు రాజకీయపక్షమున ప్రముఖుడగు టిమ్ సలివాను అతనిని యౌవనముననే చేరదీసెను. ఆ నగరమున జూదగృహములకును పోలీసులకును గల సంబంధ మెట్టిదో 1912 లో లోకమునకు వెల్లడియైనది. హెర్మన్ రోజెంతాలను జూదగృహ యజమాని, పోలీసు అధికారి తనయొద్ద భాగము గొనుచున్నాడని పత్రికలకు చెప్పెను. కొలది దినములలోనే నడివీధిని కాల్చి చంపబడెను. ఆ నేరమునకై చార్లెస్ బెకరను పోలీసు లెఫ్టినెంటు 1915 లో మరణశిక్ష ననుభవించెను. రాత్‌స్టీను దీనినుండి నేర్చిన పాఠము వృత్తిని మానుమని కాదు. పేరు బయటపడనీయక తెరవెనుక నుండుమని.

సంస్కర్తలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. గవర్నరు చార్లెస్ ఇవాన్స్ హ్యూసు పట్టుదలచే 1908 లో న్యూయార్కు రాష్ట్రమున గుఱ్ఱపుపందెముల జూదమును నిషేధించు హార్ట్–ఆగ్న్యూ శాసనము వెలువడెను. 1911, 1912 సంవత్సరములలో ఆ రాష్ట్రమునందలి పరుగుపందెపు మైదానములన్నియు మూతబడెను. 1913 లో మరల తెఱచిరి. ఈ నడుమ పలకపై ధరలు వ్రాసికొని బహిరంగముగ కూర్చుండెడి బుకీలు పోయి, నోటిమాటతోడను టెలిఫోనుతోడను పందెము లంగీకరించువారు వచ్చిరి. అట్టివానికి పెద్ద పెట్టుబడియు, రాజకీయాశ్రయమును, మాట తప్పడను పేరును కావలెను. చిల్లరవర్తకులు చితికిపోయిరి, రాత్‌స్టీను వంటి కొందఱు బలిసిరి. శాసనము చెడ్డదని నా యభిప్రాయము కాదు. జనుల కోరిక యెప్పటివలెనే యుండి, అధికారుల చేతులు ధనమునకు చాపబడియున్నంతకాలము, శాసనము చేయు పని వర్తకమును తుడిచివేయుట గాక బలవంతుని పరము చేయుట యగునని ఆ నగరపు అనుభవము.

అతని గృహజీవితమును గూర్చి నాలుగు మాటలు. 1909 లో సరటోగా యను పందెముల పట్టణమున కెరోలిన్ గ్రీనను నటిని వివాహమాడెను. పెండ్లి జరిగిన దినమే ఆమె నగలను పెట్టుబడికి కావలెనని యడిగి తీసికొనెనట. ఆమెయే 1934 లో ప్రకటించిన తన గ్రంథమున దీనిని జెప్పినది. నగలు తిరిగి వచ్చినవి. నగలకు మించినవియు వచ్చినవి. కాని భర్త యింట నుండెడి రాత్రులు రాలేదు. సంతానము లేదు. ఎవరేని హాని చేయుదురేమోయను భయముతో ఆ యిల్లాలు ఏండ్లు గడపినది. భార్యను అతడు కొట్టలేదు, తిట్టలేదు, ధనమునకు లోటు చేయలేదు. ఐనను ఆమె యొంటరితనము భరింపలేక తుదకు విడిపోవ నిశ్చయించుకొన్నది. ధనము తెచ్చుచున్నాడు గదాయని పురుషుని నడవడిని విచారింపని కుటుంబములు ఆమె బ్రతుకును జ్ఞప్తియం దుంచుకొనవలెను.

1919 లో అమెరికా ప్రజల ప్రాణమువంటి బేస్‌బాల్ ఆటలో గొప్ప ద్రోహము జరిగినది. వరల్డ్ సిరీసను మహాపోటీలో అందఱికన్న బలము గలదని ప్రసిద్ధి వహించిన షికాగో వైట్ సాక్సు జట్టు, సిన్సినాటి జట్టుచేతిలో అయిదు ఆటలకు మూడుగా నోడెను. ధనము గైకొని యోడిపోవుట కొందఱు ఆటగాండ్రు జూదరులతో చేసికొన్న ఒడంబడికయని మఱుచటి యేట బయటపడెను. దీని వెనుక నున్న ధనము రాత్‌స్టీనుదేయని లోకము నాటినుండి నమ్ముచున్నది. అతడు తానై యేర్పాటు చేసెనా, లేక ఇతరులు చేయుచున్న యేర్పాటును ముందుగ నెఱిగి పందెములు వేసికొనెనా యను విషయమున చరిత్రకారు లేకాభిప్రాయులు కారు. 1920 లో షికాగోకు బోయి విచారణసంఘము నెదుట తాను నిర్దోషినని చెప్పెను. అతనిపై నేరారోపణయే జరుగలేదు. ఆటగాండ్రిచ్చిన యొప్పుకోలు పత్రములు ప్రభుత్వపు కట్టలనుండి మాయమయ్యెను. 1921 లో జ్యూరీ ఆటగాండ్రను విడిచిపెట్టెను గాని, ఆటకు పెద్దగా నియమింపబడిన న్యాయమూర్తి లాండిసు ఎనిమిదిమందిని యావజ్జీవము బహిష్కరించెను. వారు మరణించిన పిమ్మట చిరకాలమునకు, 2025 లో, ఆ నిషేధపు పట్టికనుండి వారి పేర్లు తొలగింపబడినవి. ఒక శతాబ్దికి పైగా కళంకము మోసినవారు ఆటగాండ్రు. ఆ ఋతువున అధికముగ లాభపడినవారి మీద మాత్రము తీర్పే లేదు.

1920 లో అమెరికాయందు మద్యనిషేధము అమలులోకి వచ్చెను. బుకీ పెట్టెలో పోగైన ధనమున కిది క్రొత్త దారి చూపెను. విదేశములనుండి మద్యమును దొంగచాటుగ దింపుటకు ఓడలు, బండ్లు, కావలివారు, లంచములు కావలెను. వీనికన్నిటికి మున్ముందు రొక్కము కావలెను. బ్యాంకు లీయవు, రాత్‌స్టీ నిచ్చును. పట్టుబడినవారికి జామీను సొమ్ము నతడే యేర్పరచును. తర్వాత మత్తుమందుల వ్యాపారమునందును చేయి పెట్టెను. లకీ లూచియానో, మెయర్ లాన్‌స్కీ, ఫ్రాంక్ కాస్టెల్లో మొదలగు యువకు లతని నీడనే యీ విద్య నేర్చిరి. తుపాకిని బట్టి తిరుగు అల్లరిమూకలకు లెక్కల పుస్తకము, పెట్టుబడి, క్రమము, మంచి దుస్తులు, మృదుభాష నేర్పినవాడని అతనికి ప్రతిష్ఠ. వీధి దొంగతనము వ్యవస్థ గల వ్యాపారమైనది. ఆ వ్యవస్థకు మొదటి పెట్టుబడి యేది? గుమాస్తాయు, కూలివాడును, చిల్లర వర్తకుడును సరదాకని వేసిన పందెములనుండి మిగిలిన ఆ యొక్కొక్క డాలరే.

1928 సెప్టెంబరులో కొన్ని దినములు విడువక సాగిన పేకాటలో రాత్‌స్టీను ఇంచుమించు 320,000 డాలరు లోడెను. ఆటలో మోసము జరిగినదని చెప్పి బాకీ తీర్చలేదు. వారములు గడచెను. నవంబరు 4 వ తేది రాత్రి బ్రాడ్వే వీధిలోని భోజనశాలలో కూర్చుండియుండగా ఎవరో టెలిఫోనులో పిలిచిరి. పార్కు సెంట్రల్ హోటలునకు బోయెను. కొంతసేపటికి కడుపున గుండు తగిలి ఆ హోటలు వెనుకదారిని కనబడెను. కాల్చినవా డెవడని పోలీసులడిగిన చెప్పలేదు. నవంబరు 6 న, హూవరు దేశాధ్యక్షుడుగ నెన్నికయైన దినముననే, ప్రాణము విడిచెను. హూవరే గెలుచునని వేసిన పెద్ద పందెములు అతనికి లాభించెడివట. జూదము జరిపించిన మక్‌మానసను వానిపై హత్యానేరము మోపిరి గాని 1929 లో విడుదలయైనాడు.

బాకీని రాబట్టుటకు న్యాయస్థానము లేని వర్తకమున అతడు ముప్పదియేండ్లు అప్పులవాడుగ నుండెను. ఒకసారి తానే బాకీదారు డైనప్పుడు ఎదుటివారికిని న్యాయస్థానము లేకపోయెను. తాను నడపిన ధర్మమే తన్ను దీసికొనిపోయినది. మరణశయ్యపై స్మృతి తప్పుచుండగా గీత పెట్టించిన వీలునామా మాత్రము న్యాయస్థానమున వివాదములకు పాత్రమైనది.

అతనితో కథ ముగియలేదు. 1929 లో లా గార్డియా యను రాజకీయనాయకుడు, వైటేలి యను మేజిస్ట్రేటు రాత్‌స్టీను నొద్ద దాదాపు 20,000 డాలరులు అప్పుగొన్నాడని బయటపెట్టెను. ఆ మేజిస్ట్రేటు 1930 లో పదవినుండి తొలగింపబడెను. తరువాత సీబరీ విచారణలు న్యూయార్కు న్యాయస్థానములలోని, నగరపాలనములోని అవినీతిని బట్టబయలు చేసెను. మేయరు వాకరు 1932 లో రాజీనామా నిచ్చెను. 1933 లో లా గార్డియాయే మేయరుగ నెన్నుకొనబడెను. ఐనను పందెముల వర్తకము ఫ్రాంక్ ఎరిక్సను మొదలగు అతని శిష్యుల చేతికి బోయెను. ఎరిక్సను చెఱసాలకు బోయినది 1950 లో. యజమాని చచ్చిన యిరువదిరెండేండ్లకును పద్దుపుస్తకము మూతపడలేదన్నమాట.

మనదేశమున 2025 లో పార్లమెంటు ధన మొడ్డి యాడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు శాసనము గావించినది. ఇది హర్షింపదగినదే. కాని హ్యూసు శాసనమునకు కలిగిన గతి దీనికి కలుగకుండవలెనన్న, ఆ భారము సర్కారుపై మాత్రమే మోపి కూర్చుండరాదు. సంక్రాంతి కోడిపందెమున పదిమంది నడుమ గర్వముగ నోట్లు చాపుటయు, క్రికెట్ పందెమున గెలిచిన కుఱ్ఱవానిని తెలివైనవాడని మెచ్చుకొనుటయు మన యిండ్లలోనే జరుగుచున్నవి. పోగొట్టుకొన్నవానిని ఇంటిల్లిపాదియు నిందింతురు. గెలిచినవాని నెవరును ప్రశ్నింపరు. ఆ గెలిచిన సొమ్ము ఓడిన యే యింటి గ్రాసమో, మిగిలిన పాలు ఎవని తుపాకి కొనుటకు బోవునో యడుగవలెను. ధర్మమూర్తియను బిరుదు గన్న తండ్రి యింటనే రాత్‌స్టీను పుట్టెను. ఇంటి పెద్దల మంచిపేరు పిల్లలకు కవచము కాదు. వారితో కూర్చుండి, డబ్బు వచ్చిన దారి యేదని మొదటి దినమునుండి యడుగుటయే కవచము.