నూరబద్ధాల అంకె

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. మా అమ్మమ్మ మాత్రం పెళ్లిళ్ల పేరయ్యగారు ఎంత పొగిడినా, అబ్బాయి వూళ్లో నలుగుర్నీ విచారిస్తే గాని తలూపేది కాదు. క్రిస్టియన్ రడ్డర్ కథ చదువుతుంటే ఆవిడే గుర్తొచ్చింది.

రడ్డర్ హార్వర్డులో లెక్కలు చదివిన అమెరికన్. ముగ్గురు స్నేహితులతో కలిసి 2004లో ఇంటర్నెట్‌లో 'ఓకేక్యుపిడ్' పెట్టాడు. ప్రశ్నలకు జవాబులిస్తే, ఎవరికెవరు నూటికెన్ని పాళ్లు నప్పుతారో యంత్రమే లెక్కగట్టి చెబుతుంది. 2011లో మ్యాచ్ సంస్థ దాన్ని సుమారు 5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

అక్కడ పోగైన సమాచారంలోంచి రడ్డర్ మనుషుల తీరు తవ్వితీసి, 2014లో 'డేటాక్లిజమ్' అనే పుస్తకం రాశాడు. ఆడవాళ్లకు యించుమించు తమ యీడు మగవాళ్లే నచ్చుతారట. మగవాళ్లకు ఏభై వచ్చినా ఇరవై దాటిన పిల్లే అందగత్తెట! ఇది తెలుసుకోవడానికి లెక్కలెందుకండీ?

ఆ ఏడే యింకో సంగతీ బయటపెట్టాడు. 30 పాళ్లే నప్పే జంటలకు కావాలనే 90 అని చెప్పి చూశారట. అది నమ్మి, వాళ్లు చక్కగా కబుర్లలో పడ్డారు! తర్వాత అసలు అంకె చెప్పారనుకోండి. కానీ ముందుగా వాళ్లనెవరూ అడగలేదే!

పేరయ్యగారు కోతలు కోస్తాడని తెలుసు గనకే అమ్మమ్మ విచారించేది. అంకె కూడా బొంకుతుందని ఎవరనుకుంటారు? అందుకే ఫోన్లో సంబంధాలు చూసుకుంటున్న మా అమ్మాయితో అన్నాను: ''అంకె చూడవే, తప్పులేదు. వూళ్లో నలుగుర్నీ కూడా అడుగు!''